ట్రిగ్గర్ ఎవరి వేలికి?

అమెరికా నుంచి హైదరాబాద్ బయల్దేరే ప్రతివాడికీ ఒక జాబితా ముందే అందుతుంది. విటమిన్ మాత్రలు, బాదం పప్పు, ఒక ఐఫోను. ఈసారి మా మేనల్లుడు పంపిన దాంట్లో ఒకే వస్తువు ఉంది. "మామా, టిప్‌మన్ ఏ-5కి పట్టే ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ ఫ్రేములు కావాలె. ఓ డజను. ఆ కంపెనీ మీ ఊరి పక్కనే పుట్టింది గద."

ఆ మాట నిజమే. నేనుండేది ఇండియానాపోలిస్‌లో. ఫోర్ట్ వేన్ అక్కడికి రెండు గంటల దారి. ఫోర్ట్ వేన్‌లో డెన్నిస్ టిప్‌మన్ కుటుంబం మొదట తయారుచేసింది బ్రౌనింగ్ మెషిన్‌గన్‌ల చిన్న సైజు నమూనాలు. బొమ్మలు కావు, నిజంగా పేలేవి. 1986లో కొత్త మెషిన్‌గన్‌లు పౌరుల చేతికి పోకుండా అమెరికాలో చట్టం రావడంతో వాళ్లు పెయింట్‌బాల్ ఆటలో పేల్చే రంగుబంతుల వైపు మళ్లారు. మాకు దగ్గర్లోని మైదానాల్లో ఇప్పటికీ అద్దెకిచ్చే మార్కర్లలో, అంటే ఆ బంతులు పేల్చే తుపాకుల్లో, టిప్‌మన్‌లే ఎక్కువగా కనబడతాయి. కిందపడేసినా, బురదలో పొర్లించినా పనిచేస్తాయి.

మావాడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి శంకర్‌పల్లి రోడ్డులో ఒక మామిడితోట కౌలుకు తీసుకుని పెయింట్‌బాల్ మైదానం నడుపుతున్నాడు. శని, ఆదివారాలు కాలేజీ కుర్రాళ్లు వస్తారు. శుక్రవారం మధ్యాహ్నం రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల నుంచి హెచ్ఆర్ వాళ్లు టీములను బస్సుల్లో తెచ్చి దింపుతారు. నేను సైబర్ టవర్స్‌లో పనిచేసిన రోజుల్లో, అంటే ఆ భవనం చుట్టూ ఇంకా బండరాళ్లే ఎక్కువగా ఉన్నప్పుడు, టీమ్ ఔటింగ్ అంటే ఏదో రిసార్టులో అంత్యాక్షరి, మసాలా పల్లీలు. ఇప్పుడు మేనేజరును రంగుబంతితో కొట్టడానికి కంపెనీయే డబ్బు కడుతోంది. అభివృద్ధి అంటే ఇదే కాబోలు.

ట్రిగ్గర్ ఫ్రేమ్ అంటే మార్కర్ కింది భాగం. చేత్తో పట్టుకునే పిడి, వేలితో నొక్కే మీట, దాని చుట్టూ కాపుగా ఉండే కమ్మీ, లోపల సియర్ అనే ఒక చిన్న కొక్కెం. వెనక్కి లాగి ఉంచిన హ్యామర్‌ను ఆ కొక్కెం పట్టుకుని ఉంటుంది. మీట నొక్కగానే వదిలేస్తుంది. హ్యామర్ వెళ్లి వాల్వును కొడుతుంది. బయటికొచ్చిన గాలిలో కొంత బంతిని తోస్తుంది, కొంత హ్యామర్‌ను మళ్లీ వెనక్కి నెడుతుంది. బంతి ఎంత సూటిగా పోతుందన్నది గొట్టం మీద, గాలి మీద, బంతి నాణ్యత మీద ఆధారపడుతుంది. ఫ్రేము మారిస్తే గురి బాగుపడదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే కుర్రాళ్లు ఫ్రేముకు డబ్బు పోసి, బంతి ఇంకా పక్కకే పోతోందని ఏడుస్తారు.

ఏ-5లో ఫ్రేము విప్పడం తేలిక. పిన్నులు తోస్తే పిడి మొత్తం ఊడి చేతికొస్తుంది. అదే కంపెనీ 98 కస్టమ్‌లో అయితే పిడి విడిగా ఉండదు, మార్కర్ ఒంటిలోనే కలిసి ఉంటుంది. లోపల ఏది మార్చాలన్నా రెండు చెక్కలనూ విడదీయాలి. ఒక స్ప్రింగు ఎగిరి గడ్డిలో పడిందంటే ఆ పూట దాన్ని వెతకడంతోనే సరిపోతుంది.

ఎలక్ట్రానిక్ ఫ్రేములో మీట వెనక చిన్న స్విచ్ ఉంటుంది. వేలు తాకితే చాలు, బ్యాటరీతో నడిచే సోలినాయిడ్ సియర్‌ను కదిలిస్తుంది. సర్క్యూటు బోర్డును బట్టి ఒక్కో నొక్కుకు ఒక్క బంతి, మూడు బంతులు, లేదా పట్టుకున్నంతసేపూ బంతులు. సెకనుకు పది కష్టమేమీ కాదు. అమెరికాలో రంగుబంతులను రెండు వేల బంతుల పెట్టెల లెక్కన కొంటాం. మావాడి దగ్గర టికెట్‌తో పాటు మనిషికి యాభై బంతులు. నేను లెక్క కట్టి చెప్పాను. "అయిదు సెకన్లురా. ఆ తర్వాత వాడు మామిడిచెట్టు వెనక కూర్చుని ఏం చేస్తాడు?"

"రీఫిల్ కొంటడు మామా! బిజినెస్ అదే గద!"

ఇక్కడ వాడు నన్ను ఒక క్షణం నోరెత్తనివ్వలేదు. అప్‌గ్రేడ్ అంటే ఆడేవాడికి మేలు చేసేదని నేను అనుకుంటున్నాను. వాడు గల్లాపెట్టె వైపు నుంచి చూస్తున్నాడు. తప్పనలేను. కౌలు కట్టాలి, బంతులు కొనాలి, మాస్కులు కడగాలి.

అయినా ఆ లెక్క మైదానంలో నిలబడదు. ఏ-5లో బంతుల డబ్బా కింద గాలి బలంతో తిరిగే చక్రం ఉంటుంది. బంతులను లోపలికి నెట్టేది అదే. అద్దెకు తిరిగి తిరిగి అది అరిగితే, సెకనుకు పది అడిగినప్పుడు వెనకబడుతుంది. బంతి సగమే దిగినప్పుడు, దాన్ని గొట్టంలోకి నెట్టే బోల్టు ముందుకొస్తే దాన్ని కొరికేస్తుంది. లోపలంతా రంగు. కాబట్టి ఫ్రేముతో పాటు ఆ చక్రాన్నీ బాగుచేయించుకోవాలి. మాదాపూర్‌లో ఒక లైబ్రరీ వెర్షన్ మారిస్తే ఇంకో నాలుగు మార్చాల్సి వచ్చే బాధ మావాడికి నాకంటే బాగా తెలియాలి.

పైగా మన వాతావరణం. బంతి పైపొర జెలటిన్. ఆర్.పి. షెరర్ అనే మందుల క్యాప్సూల్ కంపెనీ చేతుల్లోనే అది మొదట తయారైంది. ఎండకు మెత్తబడుతుంది, వానాకాలపు తేమకు ఉబ్బుతుంది. ఉబ్బిన బంతి గొట్టంలోనే పగులుతుంది. (జెలటిన్ జంతువుల నుంచి వస్తుందని తెలిసి, శుక్రవారం మాంసం ముట్టని ఒక టీమ్ లీడ్ మాస్కు కింద నోరు బిగబట్టుకుని ఆడటం నేను కళ్లారా చూశాను.) ఇక గాలి సంగతి. మార్కర్లలో వాడే కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు దాటితే సిలిండర్‌లో ద్రవంగా నిలవదు, ఒత్తిడి గబగబా పెరుగుతుంది. మే నెలలో హైదరాబాద్ నలభై దాటే ఎండలో సిలిండర్లు పెట్టి ఆడిస్తే ఒక బంతికీ ఇంకో బంతికీ వేగం పొంతన ఉండదు. మైదానాల్లో సాధారణంగా సెకనుకు 300 అడుగులు దాటనివ్వరు. మావాడు ఇప్పటికే కంప్రెస్డ్ గాలికి మారి మంచిపని చేశాడు. ఏ ఫ్రేమూ ఈ తేడాలను సరిచేయదు.

పోయినసారి వచ్చినప్పుడు మొదటి శుక్రవారమే నేను చెట్ల కింద కుర్చీ వేసుకుని చేతులను మాత్రమే గమనించాను. ఆడుతున్నవాళ్లలో చాలామంది మార్కర్‌ను మొదటిసారి పట్టుకున్నవాళ్లే. గ్లవ్స్ వేసుకున్న వేలు కమ్మీలో దూరక కొందరు గ్లవ్స్ తీసేస్తున్నారు. సన్నని ఒంటివేలి మీట. అరిగిన స్ప్రింగుల వల్ల ఒకదానికి తేలిగ్గా, ఇంకోదానికి బిగువుగా. చిన్న చేతుల అమ్మాయిలు రెండు చేతులతో నొక్కుతున్నారు. అంటే గురి చూసే చెయ్యే లేదు. వీళ్లెవరికీ వేగం కొరత లేదు. వేలికి చోటే లేదు.

నేను నాకోసం ఫ్రేము ఎంచుకున్నది ఇందుకు పూర్తిగా భిన్నంగా. నాది పాత ఆటోకాకర్. బడ్ ఆర్ రూపొందించిన ఆ మార్కర్‌లో మీట రెండు పనులు చేస్తుంది. సగం దూరంలో హ్యామర్‌ను వదులుతుంది, మిగతా సగంలో ముందున్న చిన్న వాల్వును జరిపి, గాలితో మార్కర్‌ను మళ్లీ సిద్ధం చేయిస్తుంది. వేలు సగంలో ఆగితే లెక్క తప్పి బంతి నలుగుతుంది. దాని అసలు మీట నేరుగా వెనక్కి జరిగేది. నేను పైన కీలున్న ఫ్రేము వేయించుకున్నాను. తలుపును కీళ్ల దగ్గర కాకుండా చివర తోసినట్టు, మీటను కింది అంచున నొక్కితే బలం తక్కువ సరిపోతుంది. కానీ వేలు కొంచెం ఎక్కువ దూరం కదలాలి. నాకు అదే ఇష్టం. ఎక్కడ హ్యామర్ పోతుందో, ఎక్కడ వాల్వు జరుగుతుందో వేలికి విడివిడిగా తెలుస్తుంది. ఫ్రేము మార్చాక టైమింగ్ మళ్లీ మొదటినుంచి సర్దుకోవాలి. ఒక సాయంత్రం పోతుంది. ఆ సాయంత్రాన్ని ఖర్చు కింద రాయను.

అలాంటిదాన్ని అద్దెకివ్వకూడదు. మీట కదలిక తగ్గించే మర బిగించుకుంటూ పోతే సియర్ పట్టు వెంట్రుకవాసికి దిగుతుంది. కుదుపుకు జారి వేలు తాకకుండానే పేలుతుంది. అనుభవం ఉన్నవాడు ఆ అంచు ఎరిగి ఆగుతాడు. శుక్రవారం బస్సు దిగిన ఆడిటరుకు ఆ అంచు ఎక్కడ తెలుస్తుంది?

కాబట్టి నేను తెచ్చినవి ఫ్రేములు కావు. అమెరికా ఫెడరల్ చట్టానికి పెయింట్‌బాల్ మార్కర్ తుపాకీ కాదు. కానీ తుపాకీ పిడిలా ఉన్న డజను లోహపు ముక్కలు బ్యాగులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగి, అవేమిటో కథ చెప్పే ఓపిక నాకు లేదు. కొత్త సియర్లు, స్ప్రింగులు, సీళ్లు, రెండు వేళ్లకు సరిపడే వెడల్పాటి మీటలు తెచ్చాను. వాటికి తగ్గ వెడల్పు కమ్మీని మావాడే మూసాపేటలో ఒక లేత్ పనివాడితో చేయించాడు. మీటను మాత్రం అన్నింటికీ ఒకేలా, కాస్త బిగువుగానే ఉంచమన్నాను.

ఒక రాత్రి భోజనాల దగ్గర వాడికి పెయింట్‌బాల్ మొదటి ఆట కథ చెప్పాను. 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెనికర్ అడవిలో పన్నెండుమంది ఆడారు. చేతిలో ఉన్నవి చెట్లకు, పశువులకు గుర్తులు పెట్టడానికి చేసిన నెల్‌స్పాట్ 007 పిస్తోళ్లు. గెలిచిన రిచీ వైట్ అడవుల్లో పనిచేసేవాడు. ఒక్క బంతీ పేల్చకుండా జెండాలన్నీ తెచ్చుకున్నాడు. మావాడు పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "గట్ల ఆడితే నా తోట మూసుకోవాల్సిందే మామా" అన్నాడు.

ఇప్పుడు ఇంకో ఆలోచనలో పడ్డాడు. రీఫిల్ గొడవ మానేసి, గంటకు ఇంతని టికెట్ పెట్టి, బంతులు ఎన్నైనా వాడుకోండి అంటే కార్పొరేట్ వాళ్లు ఎగబడతారట. నిన్న ఫోన్‌లో గంటసేపు ఆ లెక్కలే చెప్పాడు. ఎలక్ట్రానిక్ ఫ్రేముల ఊసే ఎత్తలేదు. మీటను ఇంకాస్త బిగువు చేసే స్ప్రింగులు దొరుకుతాయా అని అడిగాడు.