బండి సంగతి రెండో గంటలో తెలుస్తుంది

మేస్త్రి ముందు బండిని చూడడు. బండి దిగిన మనిషిని చూస్తాడు. నడుం పట్టుకున్నాడా, మెడ తిప్పుకుంటున్నాడా, అరచేతులు విదిలిస్తున్నాడా అని ఒక్కసారి గమనించి, అప్పుడు సీటు దగ్గరికొచ్చి బొటనవేలు గట్టిగా దిగేస్తాడు. "ఇక్కడే కదా బాబూ?" అంటాడు. సరిగ్గా అక్కడే.

గాజువాక ఆటోనగర్ పక్కన ఒక ఇరుకు వీధిలో ఉంది ఆయన షాపు. గోడకు ఆనించిన రెగ్జిన్ చుట్టలు, మూలన స్పాంజి దిమ్మలు, మూత తీసి ఉన్న సొల్యూషన్ డబ్బా, చేతులు పడిపడి నునుపెక్కిన కుట్టుమిషను. లాంగ్ రైడ్లకు పనికొచ్చే బళ్లను నడిపి, పోల్చి రాయమని మా ఎడిటర్ గారు పంపితే, విశాఖ రైడర్లు కొందరు తమ బళ్లు ఇచ్చారు. శృంగవరపుకోట మీదుగా అరకు దాకా, ఒక వైపు సుమారు 115 కిలోమీటర్లు, దారిలో బళ్లు మార్చుకుంటూ నడిపాం. "సీటు గురించి రాసేటట్టయితే మా మేస్త్రిని కలవకుండా రాయకండి" అని వాళ్లలో ఒకాయన పట్టుబట్టాడు. అలా పట్టుబట్టినందుకు ఆయన్ను ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఘాట్‌లో ఒంటికి తెలిసినవాటికి కారణాలన్నీ ఈ షాపులోనే దొరికాయి.

కొత్తవలస దాటాక దారి దాదాపు తిన్నగా ఉన్నంతసేపు అందరి ఓటూ మీటియర్ 350కే. సీటు ఎత్తు 765 మిల్లీమీటర్లే. పొట్టివాళ్లకైనా పాదాలు నేలకు పూర్తిగా ఆనుతాయి. కాళ్లు ముందుకు చాపుకోవచ్చు, హ్యాండిల్ చేతికి అందుతుంది. గుంతలు మొదలయ్యేసరికి లెక్క మారింది. కాళ్లు ముందుకు ఉంటే ఫుట్‌రెస్టుల మీద బరువు మోపి లేవడం కష్టం. అదురు మొత్తం నేరుగా వెన్నుపూసలోకి వస్తుంది. హిమాలయన్ 450లో ఫుట్‌రెస్టులు దాదాపు ఒంటి కిందే ఉంటాయి. గుంత కనపడగానే మోకాళ్లు కాస్త వంచి లేస్తే చాలు, సగం అదురు కాళ్లే తీసుకుంటాయి. ముందు చక్రం 21 అంగుళాలు, సస్పెన్షన్ ఆడే దూరం ముందూ వెనకా 200 మిల్లీమీటర్లు. గుంతలో దిగినట్టే ఉంటుంది గానీ నడుముకు చేరదు.

బొడ్డవర దాటి ఘాట్ ఎక్కాక మళ్లీ లెక్క మారింది. పెద్ద చక్రం మలుపులో ఒక క్షణం ఆలస్యంగా వంగుతుంది, హ్యాండిల్‌ను కావాలని నెట్టాలి. ఒకసారి వంగాక గీత తప్పదు. రెండు చక్రాలూ 18 అంగుళాలే ఉన్న ఇంటర్‌సెప్టర్ 650 బరువు 200 కిలోలు దాటినా, చూపు ఎటు తిప్పితే అటే వంగింది. ఎత్తు ఎక్కేటప్పుడు దాని 648 సీసీ జంట సిలిండర్ల ఇంజన్‌కు గేరు మార్చే పనే పెద్దగా పడలేదు. 167 కిలోల సుజుకి వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్ వీటన్నిటిలోకీ తేలిక. హెయిర్‌పిన్ మలుపులో లారీ ఎదురైతే ఆగి, ఒక కాలు దించి, మళ్లీ కదలడానికి దాన్ని మించింది లేదు. రోజంతా ఒకే బండి మీద ఉండాలంటే నా ఓటు హిమాలయన్ 450కే. మలుపుల సరదాకైతే ఇంటర్‌సెప్టర్.

ఇవన్నీ చెప్పినప్పుడు మేస్త్రి కాదనలేదు. "టైర్లలో గాలెంత?" అని మాత్రం అడిగాడు. గాలి ఎక్కువుంటే ఎంత మంచి సస్పెన్షనైనా రాయిలాగే ఉంటుందట. తర్వాత బండి వెనక భాగాన్ని రెండు చేతులతో నొక్కి, ఎంత దిగి ఎంతలో లేచిందో చూశాడు. మనిషి బరువుకు తగ్గట్టు వెనక స్ప్రింగు బిగించుకోవచ్చని కొన్నవాళ్లలో సగం మందికి తెలియదని ఆయన బాధ. సీటు విప్పడం ఈ రెండూ సరిచూశాకే.

ఆరోజు ఆయన చేతిలో ఉన్నది ఒక నర్సమ్మ బండి సీటు. ఎత్తయిన అడ్వెంచర్ బండి. కొనడానికి వెళ్తే షోరూంలో కుర్రాడు "మేడమ్, ఇది మీకు సరిపోదు, స్కూటీ చూసుకోండి" అన్నాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. ఎందుకు తగ్గాలి? సీటు ఎత్తు ఎంతని బ్రోషర్‌లో వేస్తారు. ముందు భాగం ఎంత వెడల్పో వెయ్యరు. వెడల్పుగా ఉంటే తొడలు ఎడమై, పొడుగు కాళ్లు కూడా నేలకు అందవు. మేస్త్రి స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కొక్క పిన్నూ లేపి, కవరు చిరగకుండా ఒలిచాడు. ఆవిడను ఉత్త స్పాంజి మీదే కూర్చోబెట్టి, ఎముకలు ఎక్కడ దిగాయో, తొడలు ఎక్కడ ఒరుసుకున్నాయో బాల్‌పెన్నుతో గీతలు పెట్టాడు. హాక్సా బ్లేడును చేత్తోనే పట్టుకుని రెండు పక్కలా ఏటవాలుగా కోశాడు. మళ్లీ కూర్చోబెట్టాడు. మళ్లీ కాస్త కోశాడు. సీటు ఎత్తు ఒక్క మిల్లీమీటరు తగ్గించలేదు. ఆవిడ రెండు కాళ్ల మునివేళ్లూ నేలకు ఆనాయి.

"మెత్తగా ఉంటే హాయనుకుంటారు బాబూ. మెత్తంది అరగంటకే అణిగిపోతాది. అణిగాక కూకునేది స్పాంజి మీద కాదు, కిందున్న ప్లేటు మీద" అన్నాడు కోసిన ముక్కను నొక్కి చూపిస్తూ. ఎముకలు దిగే చోట గట్టి స్పాంజి అతికించి, పైన మెత్తటి పొర పలచగా వేస్తాడు. సీటు ముందుకు వాలి ఉంటే దాన్ని సమం చేస్తాడు. వాలు సీటు మీద మనిషి ట్యాంకు వైపు జారుతుంటాడు, జారకుండా చేతులతో ఆపుకుంటాడు. మణికట్లు నొప్పెడితే హ్యాండిల్‌ను తిట్టుకుని, దాని ఎత్తు పెంచడానికి డబ్బు పోస్తాడు. తప్పు సీటుది.

ఇంత విద్య ఉన్నవాణ్ని మన ఊళ్లలో సీటు కవర్లు వేసేవాడంటాం. అమెరికాలో కాలిఫోర్నియాలోని హాలిస్టర్ అనే చిన్న ఊళ్లో కార్బిన్ అనే సీట్ల కంపెనీ ఉంది. రైడర్లు అపాయింట్‌మెంట్ తీసుకుని బండి మీద అక్కడికి వెళ్లి, తమ ఒంటికి సరిపడా సీటు చేయించుకుని వస్తారు. ఐరన్ బట్ అసోసియేషన్ అనే అమెరికన్ సంఘం 24 గంటల్లో వెయ్యి మైళ్లు, అంటే దాదాపు 1,610 కిలోమీటర్లు, నడిపినవారికి ధ్రువపత్రం ఇస్తుంది. మన దేశంలోనూ ఎందరో అది సాధించారు. అలాంటి దూరం ఎంత గట్టి ఇంజన్ ఉన్నా సీటు కుదరకపోతే సాగదు. అయినా ఏ బండి గురించి అడిగినా మనవాళ్లు పవర్, టార్క్, మైలేజీ దగ్గరే ఆగిపోతారు.

షోరూం టెస్ట్ రైడ్ కూడా అంతే. సిగ్నల్ దాకా వెళ్లి వెనక్కి రావడం, పక్కన సేల్స్ కుర్రాడు. పికప్ తెలుస్తుంది, శబ్దం తెలుస్తుంది. రెండో గంటలో మొదలయ్యే నొప్పి తెలియదు, మలుపులో బండి స్వభావం తెలియదు. లక్షలు పోసి కొనే వస్తువును పది నిమిషాలు చూపించి సంతకం పెట్టించుకోవడం అన్యాయం. ఏ మోడల్ సీటు ఏ చోట అణుగుతుందో, ఎలాంటి ఒంటికి ఎక్కడ నొప్పి పుడుతుందో ఈ మేస్త్రికి నోటికి వచ్చు. ఏ కంపెనీ మనిషీ ఇంతవరకూ వచ్చి ఆయన్ను ఆ వివరాలు అడగలేదు. ఆయన దగ్గర పని నేర్చిన కుర్రాళ్లు రెడీమేడ్ కార్ సీట్ కవర్లు బిగించే షాపుల్లోకి వెళ్లిపోయారు. అక్కడ పని తేలిక, డబ్బు త్వరగా చేతికొస్తుంది. వాళ్లను తప్పుపట్టలేం. ఇప్పుడు నేర్చుకునేవారు ఎవరూ లేరు.

డీలర్లు వారానికి ఒక్క ఉదయమైనా, కొనదలచినవారిని ఊరు దాటించి రెండు గంటలు నడపనివ్వాలి. ఇవ్వకపోతే కొనేవారే గట్టిగా అడగాలి. అదీ కుదరకపోతే అదే మోడల్ ఒకరోజు అద్దెకు తీసుకుని, వెనక కూర్చునే మనిషితో, సామానుతో సహా ఘాట్ ఎక్కి చూడండి. కొన్నాక నడుం నొప్పెడితే బండి అమ్మకానికి పెట్టకముందు, మీ ఊళ్లో సీటు కుట్టే మేస్త్రి ఎక్కడున్నాడో వెతికి పట్టుకోండి. ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.