శ్రుతిలోంచి పవర్ కార్డ్

తెనాలి నుంచి రేపల్లె శాఖా లైనులో వెళ్లి, మళ్లీ తెనాలి మీదుగా బాపట్ల చేరిన ఈ పర్యటనలో నా మనసులో ఉన్న ప్రశ్న ఒక్కటే: ఇక్కడి పిల్లలకు గిటారు మీద పవర్ కార్డ్ ఎక్కడ మొదలుపెట్టి నేర్పాలి? శ్రుతి దగ్గర మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాల్లో స్త్రీ పాత్రలతో వెలిగారు. రేపల్లె ప్రాంతపు పల్లపట్లలో 1938లో గాయని ఎస్. జానకి పుట్టారు. హార్మోనియం పక్కవాద్యంగా పద్యం విన్న ఈ నేలకు స, ప కలిసి మోగే శ్రుతి కొత్తేమీ కాదు. పవర్ కార్డ్‌లో ఉండేవీ అవే: షడ్జమం, పంచమం, పైన తారషడ్జమం. గాంధారం ఉండదు.

ఆరో తీగ మూడో ఫ్రెట్‌పై చూపుడు వేలు, ఐదో తీగ ఐదో ఫ్రెట్‌పై ఉంగరపు వేలు, నాలుగో తీగ ఐదో ఫ్రెట్‌పై చిటికెన వేలు ఉంచాలి. కింది మూడు తీగలూ మోగకుండా చూపుడు వేలినే వాటిపై తేలిగ్గా ఆనించాలి. పలికేవి సుమారు 98, 147, 196 హెర్ట్జ్‌లు. డిస్టార్షన్ పెడితే స్వరాల మధ్య తేడా కూడా స్వరమై పుడుతుంది. 147లోంచి 98 పోతే 49, అంటే దాదాపు మంద్రషడ్జమం. అందుకే ఆ నాదం అంత బరువుగా ఉంటుంది. ఫ్రెట్ల మీది అంతర గాంధారం సహజ స్థానం కంటే కాస్త ఎక్కువలో పలుకుతుంది కనుక, దాన్ని చేరిస్తే పుట్టే తేడాలు ఒకదానితో ఒకటి పొసగక మోత బురదబురదగా మారుతుంది. 1958లో గిటారిస్టు లింక్ రే ‘రంబుల్’లో ఈ బరువే ప్రపంచానికి వినిపించింది.

శ్రుతి కదలదు, పవర్ కార్డ్ కదులుతుంది కదా అనవచ్చు. నిజమే, కొత్తగా నేర్వాల్సింది ఆ కదలికే. వేళ్ల అమరిక చెదరకుండా ఫ్రెట్లు మారడానికి చాలా సాధన కావాలి. చర్చి పాటలకు గాంధారంతో కూడిన పూర్తి కార్డులే అవసరమని కూడా అనవచ్చు; ఆ మాటలో కొంత న్యాయముంది. గొంతు ఒక్కటే ఉన్న నెమ్మది పాటలో గాంధారం లేని లోటు తెలుస్తుంది. పదిమంది గొంతెత్తితే ఆ గాంధారాన్ని పాటే మోస్తుంది. హిందోళంలో పంచమమే లేదు, అప్పుడేం చేయాలన్నది అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ. అక్కడ కొందరు తంబురాను స, మ లకు శ్రుతి చేస్తారు. మధ్యమానికి పంచమం తారషడ్జమమే కాబట్టి, మధ్యమం మీద కట్టిన పవర్ కార్డ్ ఆ రాగంలో చక్కగా ఇముడుతుంది. శ్రుతి తెలిసిన పిల్లవాడు ఈ జాగాను చెవితోనే పట్టుకుంటాడు; వేళ్ల బొమ్మ మాత్రమే నేర్చినవాడికి అది ఎవరో చెప్పాలి.