బోల్టు విరిగిన ఆదివారం

మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని పన్నెండేళ్లుగా షెడ్డులోనే ఉంది. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు. చిన్నప్పుడు నేను బడికి వెళ్లింది అందులోనే. మొన్న వేసవి సెలవుల్లో మా అబ్బాయితో కలిసి దాన్ని బాగుచేయడం మొదలుపెట్టాను. వాడిప్పుడు తొమ్మిదో తరగతి.

మ్యాట్లు ఎత్తి చూస్తే అడుగు రేకంతా చిల్లులు. టింకరింగ్ మేస్త్రీ కొత్త రేకు వెల్డింగ్ చేశారు. మిగతా తుప్పు మేమే ఎమిరీ పేపరుతో గీకి, రెడ్ ఆక్సైడ్ పూశాం.

ఒక ఆదివారం, బిగుసుకుపోయిన బోల్టును పానాతో గట్టిగా తిప్పబోయాను. "నాన్నా, ఆయిల్ వేసి రేపటిదాకా ఆగమన్నారు కదా మేస్త్రీ గారు" అన్నాడు మావాడు. నేను వినలేదు. బోల్టు తల విరిగి చేతికొచ్చింది.

"పర్లేదు నాన్నా, డ్రిల్ చేసి తీయొచ్చట" అన్నాడంతే.

లెక్కల్లో మార్కులు తగ్గినప్పుడు నేను వాడిని అన్న మాటలు గుర్తొచ్చాయి. సిగ్గేసింది.

కారు ఇంకా రోడ్డెక్కలేదు. ఈసారి యూనిట్ టెస్ట్ పేపర్లు తెచ్చినప్పుడు మాత్రం ఎన్నొచ్చాయని అడగలేదు. "ఎక్కడ బిగుసుకుందిరా?" అన్నాను. నవ్వి, పేపరు నా ముందు పరిచాడు.