మా పేట నుంచి – 17: మౌస్ తుడిచిన రుమాలు

పోయిన మంగళవారం ఫైనలియర్ అమ్మాయి ఒకత్తి స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడి, "మేడం, మీ సిస్టం ఓ పావుగంట ఇస్తారా?" అంది. రాజోలు వైపు పిల్ల. పుట్టినప్పుడే కుడిచేతికి పట్టు పోయింది. ఎడంచేత్తో టైపింగ్ మా ఆఫీసు వాళ్ళకన్నా జోరుగా చేస్తుంది. మౌస్ దగ్గరే తంటా. ఎడంచేయి వణికి బాణం గుర్తు ఒకచోట నిలవదు.

ఎంట్రన్స్ ఫారం నింపడానికి నెట్ సెంటరుకెళ్తే అక్కడాయన "నువ్వు చెప్పమ్మా, నేను కొడతా" అన్నాడట. కులం గడి రాగానే అందరికీ వినపడేలా "ఎస్సీయేనా?" అన్నాడట. వెనక తన క్లాసు పిల్లలు. లేచి వచ్చేసింది. ఆ గడి తనే నొక్కుకోవాలట.

ఆ పట్టుదల నాకు తెలుసు. డిగ్రీలో మా ల్యాబ్‌లో ఇద్దరికో సిస్టం. నా పక్క సీటమ్మాయి చెడ్డదేం కాదు, నోట్సు కూడా ఇచ్చేది. నేను మౌస్ వదిలాక మాత్రం రుమాలుతో తుడిచి పట్టుకునేది. చెమట కాబోలనుకున్నాను. మన గోదావరి ఉక్కపోతకి ఎవరి చేతికి చెమట పట్టదు చెప్పండి! ఓరోజు ఆమె ఇంకో అమ్మాయి పక్కన కూర్చుంది. ఆ గంటసేపూ రుమాలు బయటికి రాలేదు.

ఆ తర్వాత నేను మౌస్ ముట్టలేదు. ట్యాబ్, ఆల్ట్, బాణాల మీటలతోనే పని. ల్యాబ్ సారు షార్ట్‌కట్ల రాణి అని మెచ్చుకునేవారు. నా థీసిస్ కుసుమ ధర్మన్న మీద. రాజమండ్రిలో డీటీపీ సెంటర్లో కూర్చుని టైపు చేసినప్పుడూ అంతే. దళిత కవి మీద నాలుగు వందల పేజీలు రాస్తూ కూడా ఆ రుమాలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇదే మొదటిసారి.

సరే, అమ్మాయి దగ్గరికొద్దాం. ఆ ఫారంలో ట్యాబ్ కొడితే కొన్ని గడులు దూకేస్తోంది. కంప్యూటర్ అందరికీ అందాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్తుంది, చేసేవాళ్ళేరీ? అప్పుడు గుర్తొచ్చింది మౌస్ కీస్. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ ట్రేస్ సెంటర్ వాళ్ళు ఇలాంటివి తయారుచేస్తే, విండోస్ 95 నాటికి సిస్టంలోనే కలిపేశారు. మీ ఇంట్లో సిస్టంలోనూ ఉంది.

ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నంలాక్ మూడూ కలిపి నొక్కాలి. అడిగితే సరేననండి. ఇక కుడిపక్క అంకెల మీటలే మౌస్. 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకి, 6 కుడికి. మూలల అంకెలు ఏటవాలుగా నడుపుతాయి. 5 క్లిక్, ప్లస్ డబుల్ క్లిక్. మైనస్ కొట్టి 5 నొక్కితే రైట్ క్లిక్, మళ్ళీ మామూలు క్లిక్‌కి స్లాష్. 0 కొడితే పట్టుకుంటుంది, చుక్క కొడితే వదులుతుంది. అంకెల మీటలు లేని చిన్న ల్యాప్‌టాప్‌కి విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొనుక్కోవాలి.

మొదట్లో బాణం నత్తలా నడిచింది. "ఇదేంటి మేడం, కోటిపల్లి రేవులో పంటులా ఉంది" అని నవ్వింది. సెట్టింగుల్లో వేగం పెంచాం.

కులం గడి వచ్చింది. నేను కిటికీ వైపు తిరిగాను. 5 మీట టక్కుమంది.

కాసేపటికి, "మేడం, ఫోన్ నంబరు కొడుతుంటే బాణం పరిగెడుతోంది!"

నవ్వొచ్చింది. మౌస్ కీస్ ఉండగా ఆ మీటలతో అంకెలు పడవు, పైవరసలో కొట్టుకోమన్నాను.