'ఐ' ఎందుకు పెరగలేదు?

మేము కర్నూలు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

ల్యాబులో ఎక్స్‌ఎస్‌ఎల్‌టితో పట్టిక చేయమన్నారు, డేటా మీ ఇష్టమన్నారు. మా అమ్మలు గుంటూరు వైపు మిరప కోతకు పోతారు కదా, వాళ్ల పేర్లు, కోసిన కిలోలు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో రాసినాం.

మాకు తెలిసింది సి భాష. ఆ అలవాటుతో టెంప్లేట్ల బయట 'ఐ' అనే వేరియబుల్ 0 అని పెట్టి, ఫర్-ఈచ్ లోపల మళ్లీ ఐ అంటే ఐ ప్లస్ 1 అని రాసినాం. ప్రతి వరుసకూ 1 అనే వచ్చింది. రెండు రోజులు అదే తంటా. తెలుగు మీడియం బుర్రలకు ఎక్కదేమో అని మమ్మల్ని మేమే తిట్టుకున్నాం.

అసలు సంగతేందంటే, ఇక్కడ వేరియబుల్‌కు ఒకసారి విలువ పెడితే మారదు. లోపల మేం రాసింది పాత ఐని పెంచలేదు. ప్రతి వరుసకూ అదే పేరుతో కొత్త ఐ పుట్టి, వరుస అయిపోగానే పోయింది. అందుకే ఎప్పుడూ 0కి 1 కలిపి 1.

ఫర్-ఈచ్ కూడా సి లూప్ కాదు. సాయంత్రం కాటా కాడ ఎవరి మూట వాళ్లకే తూచినట్టు, ఒక్కో కూలీని విడిగా చూస్తుంది. వరుస నంబరుకు పొజిషన్(), మొత్తం కిలోలకు సమ్() వాడాల. ఒక్కొక్కరి రేటు వేరైతే, 1999 నాటి 1.0లో టెంప్లేటు తననే తాను పిలుచుకుంటా, అప్పటిదాకా అయిన మొత్తాన్ని పారామీటరుగా అందించాల.

ఇప్పుడు మా అమ్మల పేర్లు 1, 2, 3 అని వరుసగా వచ్చినాయి. తప్పు బుర్రది కాదు, అలవాటుది. మీకూ ఇట్లే ఆగిపోతే సిగ్గుపడొద్దు, మా రూముకు రాండి. కలిసి చూద్దాం.