వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి

పిల్లవాడికి రెండున్నరేళ్లు. ఒక్క మాటా లేదు. తల్లి నోరు తెరిచేలోపే నాయనమ్మ అందుకుంది: “వీళ్ళ నాన్నకీ నాలుగో ఏడు దాకా మాటలు రాలేదు బాబూ. ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు.”

పిల్లల డాక్టర్లకు ఈ మాట కొత్త కాదు. అబద్ధమూ కాదు. ఆలస్యంగా మొదలుపెట్టి తోటివాళ్ళను అందుకునే పిల్లలుంటారు. కాకపోతే చుట్టాల్లో చెప్పుకునేది వాళ్ళ కథలే. అందుకోలేకపోయినవాళ్ళ ఊసు ఎవరూ ఎత్తరు.

నేను మాటకంటే ముందు వేలు చూస్తాను. ఏడాదిన్నర పిల్లలు పైన విమానం వెళ్తుంటే వేలెత్తి చూపిస్తారు. మనమూ చూశామా లేదా అని వెంటనే మన మొహంలోకి చూస్తారు. ఈ పని చేసే పిల్లవాడికి మాట కాస్త వెనకబడినా నాకు దిగులు తక్కువ. వీడు మంచినీళ్లు కావాలంటే తల్లి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి బిందె మీద పెడతాడట. పేరు పెట్టి పిలిస్తే తిరగడు. ఫోన్లో పాట మోగితే మాత్రం పక్కగదిలోంచి పరుగెత్తుకొస్తాడు. “చెవులకేం లోటు లేదండీ” అన్నాడు తండ్రి. అయినా నిద్రపుచ్చి చేసే బెరా పరీక్షకు పంపాను. పాటా, తలుపు చప్పుడూ వినిపిస్తూనే స, శ లాంటి సన్నని ధ్వనులు అందని చెవుడు ఒకటుంది. అలాంటి పాపను ఇంటిల్లిపాదీ మొండిఘటం అనుకోవడం చూశాను. చెవి మిషను పెట్టాక మాటలు మొదలయ్యాయి. వీడి చెవులు నిజంగానే బాగున్నాయి.

“ఫోను అలవాటు చేసింది నేనే. దానివల్లేనా సార్?” అంది తల్లి. ఇంట్లో తీర్పు అప్పటికే అయిపోయినట్టుంది. ఫోను తగ్గించమనే చెప్తాను, అది మింగేసేది మనుషులతో ఆడుకోవాల్సిన గంటల్ని కాబట్టి. కానీ నేను అనుమానిస్తున్న ఆటిజం తల్లి పెంపకం వల్ల రాదు. ఈ ముక్క నాయనమ్మ వైపు తిరిగి చెప్పాను.

ఆరా తీస్తే ఇంకోటి బయటపడింది. ప్లేస్కూలు వాళ్ళు ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమన్నారట. తెలుగు మీడియంలో చదువుకున్న ఆ అమ్మాయి “కమ్”, “సిట్”, “ఈట్” అంటూ నెట్టుకొస్తోంది. రెండు భాషలు వినడం వల్ల మాట ఆగిపోదు, ఆటిజమూ రాదు. అయితే తనకు రాని భాషలో తల్లి ఎంతసేపని మాట్లాడగలదు? స్నానం చేయిస్తూ, అన్నం కలుపుతూ, వీధిలో గేదెను చూపిస్తూ తెలుగులోనే ఆపకుండా వాగమన్నాను. ఆ రోజు ఆవిడ నవ్వింది అప్పుడొక్కసారే. స్పీచ్ థెరపిస్టు వాడితో గడిపేది వారానికి గంటో రెండు గంటలో; తక్కిన వారమంతా ఇంటిదే.

ఆటిజం కావచ్చు, కాకపోవచ్చు. తేల్చడానికి మళ్ళీ చూడాలి. థెరపీ మాత్రం అందాకా ఆగక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఇలాంటి పిల్లల కోసమే ‘డైక్’ కేంద్రాలు వచ్చాయి. డబ్బు కట్టే పని లేదు. బడి ఈడు వచ్చాక మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. కార్పొరేట్ ఆసుపత్రుల బోర్డులు తెలిసినంతగా ఇవి మనవాళ్ళకు తెలియవు.

తండ్రి బెంగ వేరు. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్టు తీసుకుంటే వాడికి జీవితాంతం ముద్ర పడిపోతుందని. థెరపీకి ఏ సర్టిఫికెట్టూ అడగరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో ఆటిజమూ ఉంది, చదవడం రాయడంలో వచ్చే ఇబ్బందీ ఉంది. వైకల్యం 40 శాతమో అంతకు మించో ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. అవసరమైతే అప్పుడు తీసుకోవచ్చు, ఇప్పుడే తొందరేం లేదన్నాను. రెండో తరగతిలో గుణింతాలూ ఒత్తులూ తారుమారు చేసే పిల్లల తల్లిదండ్రులకూ ఇదే చెప్తాను: డిస్లెక్సియా అని రాసివ్వడానికి ఎనిమిదేళ్లు రానివ్వండి, పక్కన కూర్చోబెట్టుకుని చదివించడం ఇవాళే మొదలెట్టండి.

మొన్న తండ్రి ఒక్కడే తీసుకొచ్చాడు పిల్లవాణ్ణి. “అత్త”, “తాత” అంటున్నాడట. “అమ్మ” ఇంకా రాలేదు. ఎల్కేజీ సీటు కోసం తిరుగుతున్నారు. ఒక బడి సీట్లు అయిపోయాయంది. ఇంకో బడి వీడి కోసం పెట్టే షాడో టీచరు జీతం మీరే భరించాలంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవడం గురించి ఆ 2016 చట్టంలో చెప్పే 16వ సెక్షన్‌ ప్రింటు తీసి ఇచ్చాను. సోమవారం మళ్ళీ వెళ్తానన్నాడు, ఈసారి వాళ్ళావిడను కూడా తీసుకుని.