నాన్న జీఆర్ఈ, నా జీఆర్ఈ

డిసెంబరులో నేను జీఆర్ఈ రాయబోతున్నాను. నాన్న కూడా రాశారు, 1990ల చివర్లో, హైదరాబాద్‌లో. పేరు ఒకటే కానీ పరీక్షలు రెండూ వేరు. ఎంత వేరో ఈసారి తెలుగులో రాసి చూస్తున్నాను.

అప్పుడు మూడు భాగాలు: వెర్బల్, మ్యాథ్స్, అనలిటికల్. ఒక్కోటి 800కి, మొత్తం 2400. అనలిటికల్ అంటే వ్యాసం కాదు, లాజిక్ ప్రశ్నలు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు, అలాంటివి. 2002లో అవి పోయి వ్యాసాలు వచ్చాయి. 2011 ఆగస్టులో వ్యతిరేక పదాల ప్రశ్నలు తీసేశారు. వెర్బల్, మ్యాథ్స్ మార్కులు 130 నుంచి 170 లెక్కలోకి మారాయి. 2023 సెప్టెంబరు 22 నుంచి పరీక్ష దాదాపు సగమైంది. 3 గంటల 45 నిమిషాలు ఉండేది, ఇప్పుడు 1 గంట 58 నిమిషాలు. రెండు వ్యాసాల్లో ఒకటే మిగిలింది. మధ్యలో పది నిమిషాల విరామం కూడా లేదు.

"రెండు గంటలేనా! మీకు అంతా సులువైపోయింది" అంటారు నాన్న. నేను ఒప్పుకోను. వెర్బల్‌లో 40 ప్రశ్నలు ఉండేవి, ఇప్పుడు 27. మార్కుల లెక్క మాత్రం అదే 130 నుంచి 170. అంటే ఒక్కో ప్రశ్న బరువు పెరిగింది. మొదటి 12 ప్రశ్నలు ఎలా చేశామో చూసి, తర్వాతి 15 కష్టంగా ఇవ్వాలా సులువుగా ఇవ్వాలా అని కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మెల్లగా కుదురుకుందాం అనుకునేవాళ్ళకి ఇందులో చోటు లేదు.

నాకు నచ్చిన మార్పు మాత్రం 2011లోది. నాన్న బారన్స్ పుస్తకంలో పదాలు వరసగా బట్టీ పట్టారు. పదం, అర్థం, వ్యతిరేకం. ఇప్పుడు పదం వాక్యంలో వస్తుంది. చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఖాళీ నింపాలి. ఒక ప్రశ్నలో మూడు ఖాళీలుంటే మూడూ సరిగ్గా నింపితేనే మార్కు.

ఇది ఎందుకు సరైనదో నాకు "సాంక్షన్" అనే మాట చెప్పింది. మా ఇంట్లో లోన్ సాంక్షన్ అయితే అందరికీ సంతోషం. అమెరికా వార్తల్లో ఒక దేశం మీద సాంక్షన్స్ అంటే ఆంక్షలు. ఒకే మాటకి అనుమతి, శిక్ష రెండూ అర్థాలే. దానికి వ్యతిరేక పదం ఏమిటని అడిగితే ఏం చెప్పాలి?

తెలుగులో నాకు అలాంటి మాట "ఎత్తు". కార్డు మీద ఒక వైపు ఎత్తు అని, రెండో వైపు హైట్ అని రాసుకున్నాను. తర్వాత అమ్మమ్మ ఫోన్‌లో "పిల్లాణ్ణి ఎత్తుకో" అంది. చదరంగంలో మావయ్య "మంచి ఎత్తు వేశావు" అన్నాడు. కార్డు ఒకటే, మాటలు మూడు. అప్పటి నుంచి నా కార్డుల మీద పదాలు లేవు, వాక్యాలే ఉన్నాయి. వాటిలో సగం అమ్మమ్మవి.

నాన్నకి మాత్రం ఆ పదాలు ఇప్పటికీ గుర్తే. భోజనాల దగ్గర హఠాత్తుగా ఒకటి అడుగుతారు. నేను "వాక్యం చెప్పండి నాన్నా" అంటాను. ఆయన కాసేపు ఆలోచించి చెప్తారు. ఆ వాక్యం దాదాపు ఎప్పుడూ హైదరాబాద్ గురించే.